నాన్నగారికి స్కూటర్ కొనే ముందు, దాన్ని ఎవరు ఎత్తుతారో చూసుకో

ప్రశ్న: అక్కా, నేను డాలస్ వచ్చి ఏడాది అయింది. మా అమ్మ, నాన్నగారు పాలకొల్లు దగ్గర పల్లెటూరి నుంచి వచ్చే నెల వస్తున్నారు. ఆరు నెలలు ఉంటారు. నాన్నగారికి మోకాళ్లు అరిగిపోయాయి. ఇంట్లో చేతికర్రతో తిరుగుతారు కానీ బయట నాలుగు అడుగులు వేస్తే కూర్చోవాలి. మొబిలిటీ స్కూటర్, అదే నడవలేనివాళ్లు కూర్చుని నడుపుకునే బ్యాటరీ బండి కొని, ఇక్కడ వాడాక ఊరికి పంపిద్దామని ఉంది. మూడు చక్రాలదా, నాలుగు చక్రాలదా? కారు వెనక ట్రైలర్ కూడా తీసుకోమంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: చెల్లాయ్, మాది రాజోలు తాలూకా. మా మావయ్యగారిది కూడా మీ నాన్నగారి పరిస్థితే. ఇవాళ ఆయన ఎవరి సాయం లేకుండా కాలవ గట్టు మీద రామాలయం దాకా వెళ్లి, పేపరు చదువుకుని తిరిగొస్తున్నారు. అంతవరకు రావడానికి మాకు వదిలిన డబ్బు నీకు వదలకూడదు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

మూడు చక్రాలా, నాలుగు చక్రాలా అన్నది ఆఖరున తేలాల్సిన సంగతి. ముందు తేలాల్సింది, ఆ బండిని కారులోకి ఎత్తేది ఎవరని. కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కే మనిషిని చూసి బండి కొంటారు. ఎత్తే మనిషిని చూసి కొనాలి.

మేమూ ఎక్కే మనిషిని చూసే కొన్నాం. మావయ్యగారు నిండైన మనిషి, 90 కిలోలు ఉండేవారు. పెద్దాయనకి పెద్ద బండే ఉండాలని షాపువాడు అన్నాడు, మేం తలూపాం. 300 పౌన్లు, అంటే 136 కిలోలు మోసే నాలుగు చక్రాల బండి. 1,800 డాలర్లు. అప్పట్లో అది మా నెల అద్దె కన్నా ఎక్కువ. 250 పౌన్ల బండి 113 కిలోలు మోస్తుంది, ఆయనకి అది చాలు. మోసే సత్తా పెరిగేకొద్దీ బండి సొంత బరువు, దాని ధర కూడా పెరుగుతాయని బిల్లు కట్టేటప్పుడు ఎవరూ చెప్పరు. మా బండి మొత్తం 120 పౌన్లు పైనే. విడదీస్తే సీటు, బ్యాటరీ పెట్టె, ముందు భాగం, మోటారు ఉన్న వెనక భాగం వేరుగా వస్తాయి. వెనక భాగమే 50 పౌన్లు దాటింది. మా ఆయన పొద్దున్న ఏడింటికి ఆఫీసుకి వెళ్లిపోతే ఇంట్లో మిగిలేది నేను, అత్తయ్యగారు. కారు డిక్కీ అంచు నా నడుము ఎత్తు. ఆ 50 పౌన్ల ముక్కని వొంగి పైకి లేపి, ఆ అంచు దాటించి, లోపల దించాలి. రెండుసార్లు చేస్తే నడుము పట్టేసింది. డాక్టరు ఫీజులో మన వాటా ఇంకో ఖర్చు. దాంతో బండి గరాజులోనే ఉండిపోయింది.

అప్పుడు మాకు కూడా నీకిచ్చిన సలహానే ఇచ్చారు, కారు వెనక ఏదో ఒకటి తగిలించమని. ట్రైలర్ అనేది సొంత ఇల్లు, పొడుగాటి డ్రైవ్‌వే, గట్టి బండి ఉన్నవాళ్లకి. దానికి లైట్ల వైరింగ్ కావాలి, చాలా రాష్ట్రాల్లో నంబరు ప్లేటు కావాలి. ట్రైలర్, సామాను కలిపిన మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు కొక్కెం మీద పడేట్టు సర్దకపోతే హైవే మీద వెనక తోక ఊపుతుంది. నువ్వు అపార్ట్‌మెంట్‌లో ఉంటుంటే, అక్కడ ట్రైలర్ పెట్టనివ్వడమే కష్టం. ఇంక మిగిలేది హిచ్‌కి, అంటే కారు వెనక బిగించే కొక్కేనికి, తగిలించే క్యారియర్, బండిని పెట్టే ఇనుప పళ్లెం. మేం అదే బిగించాం. చిన్న కార్లకి పట్టేది క్లాస్ 1 హిచ్, కొక్కెం మీద గరిష్ఠంగా 200 పౌన్లు. బండి 120, క్యారియర్ 60, కలిపి 180, సరిపోయిందని అనుకుంటాం. కానీ ఆ 200 హిచ్ లెక్క. నీ కారు మాన్యువల్‌లో అంతకన్నా తక్కువ రాసి ఉంటే ఆ తక్కువదే లెక్క. కొన్ని సెడాన్లకి అసలు ఏమీ తగిలించొద్దనే రాసి ఉంటుంది. మా కారు వెనక చతికిలబడి, డ్రైవ్‌వే దిగేటప్పుడల్లా ఇనుము నేలకి రాసుకునేది. హిచ్, బిగింపు కూలి, క్యారియర్ కలిపి ఇంకో 500 డాలర్లు నేలపాలు. రూపాయల్లోకి మార్చి చూసుకుంటే ఆ రోజుల్లో నాకు నిద్ర పట్టేది కాదు.

ఇంతకీ మావయ్యగారు ఆ మొదటి రెండు నెలలు దేని మీద తిరిగారనుకున్నావు? వాల్‌మార్ట్‌లో, కాస్ట్‌కోలో గుమ్మం దగ్గర ఉండే కరెంటు బండి మీద. పైసా ఖర్చు లేదు. అడగక్కర్లేదు, ఎక్కి కూర్చోవడమే. ఎయిర్‌పోర్టులో వీల్‌చెయిర్ కూడా ఉచితమే, టికెట్ కొన్నప్పుడే రాయించు. జూలకి, పెద్ద పార్కులకి వెళ్తే అక్కడే రోజు అద్దెకి దొరుకుతుంది. ఊళ్లు తిరగడానికి వారం అద్దెకిచ్చే మెడికల్ షాపులు ఉన్నాయి. అందుకని మొదటి నెలలో ఏమీ కొనకు. నాన్నగారు రోజూ బయటికి వస్తారో, టెక్సాస్ ఎండ చూసి ఇంట్లోనే టీవీ పెట్టుకుంటారో ముందు తెలియనీ.

ఆ నెలలో ఇంకో సంగతి కూడా తేలుతుంది. స్కూటర్ ఎక్కాలంటే మనిషి తనంతట తాను ఎక్కి దిగగలగాలి, వెనక ఆసరా లేకుండా నిటారుగా కూర్చోగలగాలి, రెండు చేతులూ ముందుకి చాచి హ్యాండిల్ పట్టుకోగలగాలి. బొటనవేలితో మీట నొక్కితే కదులుతుంది, వదిలేస్తే ఆగిపోతుంది. బ్రేకు వెయ్యక్కర్లేదు. మా మావయ్యగారు స్టోర్లోనే రెండో రోజుకి నేర్చేసుకున్నారు. చేతులు వణికేవాళ్లకి, భుజం లేవనివాళ్లకి ఇది పనికిరాదు. వాళ్లకి జాయ్‌స్టిక్ ఉన్న పవర్ వీల్‌చెయిర్ కావాలి. అది ఇంకా ఖరీదు, ఇంకా బరువు.

చివరికి ఆ పెద్ద బండిని, క్యారియర్‌ని వచ్చిన రేటుకి అమ్మేశాం. మా వీధి చివర ఒక ఇంట్లో పెద్దావిడ పోయాక సామాను అమ్ముతుంటే, అందులో వాడిన నాలుగు చక్రాల ట్రావెల్ స్కూటర్ ఉంది. 400 డాలర్లు. విడదీస్తే ఏ ముక్కా 35 పౌన్లు దాటదు, నేనొక్కదాన్నే ఎత్తగలను. బ్యాటరీలు అయిపోవచ్చాయని చూసే బేరం ఆడాను, కొత్త జత వేయించాను. కొత్తది షాపులో వెయ్యి డాలర్లు ఉండేది. ఇక్కడ ఇలాంటివి పెద్దవాళ్లు పోయిన ఇళ్లలో దాదాపు కొత్తగానే దొరుకుతాయి. సెకండ్‌హ్యాండ్ అని నామోషీ పడకు. ఇప్పుడు మా ఊళ్లో తిరుగుతున్నది ఆ బండే.

ఇంక ఊరి సంగతి. నీ ప్రశ్నలో అసలైన భాగం ఇదే, నువ్వు మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశావు. బండి ఆరు నెలలు డాలస్ సిమెంటు మీద, ఆ తర్వాత ఏళ్ల తరబడి పాలకొల్లు నేల మీద తిరగాలి. కాబట్టి పాలకొల్లు కోసమే కొను.

మన డెల్టాలో రోడ్డు చేల మధ్య గట్టు మీద ఉంటుంది. పక్కన కాలవ, రెండో పక్క బోదె, అంటే చేలకి నీళ్లు పారే చిన్న కాలవ. నల్లమట్టి ఎండాకాలం నెర్రెలిచ్చి, వానాకాలం ఉబ్బి కుంగుతుంది కాబట్టి తారు అంచు ఎప్పుడూ విరిగే ఉంటుంది. ఎదురుగా ధాన్యం లారీ వస్తే పక్కకి తప్పుకోవాలి. ఒక చక్రం ఆ విరిగిన అంచు దిగిందా, మూడు చక్రాల బండి పక్కకి ఒరిగిపోతుంది. మూడు చక్రాలది ఇరుకు చోట చక్కగా తిరుగుతుంది, కాళ్లు చాచుకోవడానికి చోటు ఉంటుంది, ఇక్కడి షాపుల్లో బావుంటుంది. మన కాలవ గట్టుకి మాత్రం నాలుగు చక్రాలదే.

తర్వాత చూడాల్సింది బండి అడుగు భాగం నేలకి ఎంత ఎత్తులో ఉందని. మడత పెట్టే చిన్న బండ్లకి నేలకీ అడుగుకీ మధ్య రెండు మూడు అంగుళాలే. బోదె దాటడానికి వేసిన చప్టా (చిన్న వంతెన) ఎక్కేటప్పుడు పొట్ట తగులుతుంది, చక్రాలు గాల్లో తిరుగుతాయి. మా ఇంటి దగ్గర చప్టాకి రెండు వైపులా మా బావగారు సిమెంటు పోయించారు. అది ఊళ్లో మేస్త్రీ కూలితో అయిపోయింది, డాలర్లతో పని లేకుండా. కోతలప్పుడు రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు కదా, ఆ గడ్డి పీచు చక్రం ఇరుసుకి చుట్టుకుని బిగుసుకుంటుంది. వారానికోసారి పాత కత్తెరతో కోసి తియ్యమని అత్తయ్యగారికి చూపించాను. వానలో బండి బయటికి తియ్యకూడదు. అంతర్వేది వైపు ఉప్పుగాలికి బ్యాటరీ కొనలు పచ్చగా చిలుము పడతాయి. వాసెలిన్ రాస్తే ఆగుతుంది.

మీ ఇంటికి ఎన్ని మెట్లో రాయలేదు. గోదావరి వరదలకి భయపడి మనవాళ్లు అరుగులు ఎత్తుగా కట్టుకున్నారు. చక్రాల బండికి ర్యాంప్ వెయ్యాలంటే ఒక అంగుళం ఎత్తుకి ఒక అడుగు పొడుగు కావాలి. మూడు మెట్లు, 18 అంగుళాలు అనుకో, 18 అడుగుల ర్యాంప్. మన వాకిట్లో అంత చోటు ఎక్కడుంది, కొబ్బరిచెట్టు కొట్టేస్తే తప్ప? మేం ర్యాంప్ మాట మానేసి మెట్లకి రెండు వైపులా ఇనుప పైపులు బిగించాం. మావయ్యగారు వాటిని పట్టుకుని దిగుతారు, బండి కింద వసారాలో ఉంటుంది. వాలు మీద ఇంకొక్క జాగ్రత్త. బండిని చేత్తో తొయ్యడానికి వెనక ఒక మీట ఉంటుంది. అది విడిపించి ఉంటే బ్రేకు పనిచెయ్యదు. పిల్లలు దాన్ని ముట్టుకోకుండా చూడమని గట్టిగా చెప్పు.

ఛార్జర్ గురించి ఇప్పుడే చెప్తున్నాను, మళ్లీ మర్చిపోతాను. అమెరికా కరెంటు 120 వోల్టులు, మనది 230. ఛార్జర్ వెనక 100–240 అని రాసి ఉంటే ప్లగ్గు మారిస్తే చాలు. మా దాని మీద 115 అని మాత్రమే ఉంది. ఊళ్లో మొదటి రోజే మా మరిది ప్లగ్గు మార్చి పెట్టాడు. చిన్న పొగ, కాలిన వాసన, అంతే. అమలాపురంలో బ్యాటరీల షాపులో 24 వోల్టుల ఛార్జరు వేరే కొనాల్సి వచ్చింది. బ్యాటరీలు మాత్రం మనకి అనుకూలమే. చాలా బండ్లలో ఉండేవి 12 వోల్టుల సీల్డ్ బ్యాటరీలు రెండు, అక్కడ యూపీఎస్‌లు అమ్మేవాళ్ల దగ్గర దొరికే రకమే. లిథియం అయితే తేలిక, కానీ పాడైతే ఆ కంపెనీదే తెప్పించుకోవాలి. పల్లెటూళ్లో ఉండే బండికి నేను లిథియం వద్దంటాను. సీల్డ్ బ్యాటరీని ఖాళీగా నెలల తరబడి వదిలేస్తే చచ్చిపోతుంది. నాన్నగారు హైదరాబాద్ వెళ్లి ఉన్నా, వారానికోసారి ఎవరైనా ఛార్జింగ్ పెట్టాలి.

విమానంలో పంపడానికి రూల్స్ ఎయిర్‌లైన్ వాళ్ల సైట్లో చూసుకో, మారుతుంటాయి. ఇక్కడి నుంచి వెళ్లే విమానాల్లో ప్రయాణికుడి స్కూటర్‌ని సామాను లెక్కలో కలపరు, డబ్బు తీసుకోరు. కనీసం 48 గంటల ముందు చెప్పు. విడిగా తీసే లిథియం బ్యాటరీ అయితే 300 వాట్ అవర్స్ దాటకూడదు, చేతిలో పట్టుకుని క్యాబిన్‌లోకి తీసుకెళ్లాలి. వోల్టుల్ని ఆంపియర్ అవర్స్‌తో గుణించు. 24కి 12 అయితే 288, పర్లేదు. 24కి 20 అయితే 480, ఎక్కనివ్వరు. హైదరాబాద్ నుంచి మధురపూడికి, అంటే రాజమండ్రి ఎయిర్‌పోర్టుకి, చిన్న విమానం కన్నా కారు మాట్లాడుకోవడం నయం. మెడికేర్, అంటే ఇక్కడ పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, దాని మీద ఆశ పెట్టుకోకు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి అది లేదు. ఉన్నవాళ్లకి కూడా ఇంట్లో తిరగడానికి అవసరమని డాక్టరు రాస్తేనే ఇస్తారు.

ఇంక నా అసలు బెంగ. కొత్త బండి 1,800 డాలర్లు అంటే లక్షన్నర రూపాయల పైమాటే. పాలకొల్లులో ఆ డబ్బుతో తెలిసిన ఆటో అబ్బాయిని మాట్లాడుకుంటే, నాన్నగారు క్షీరారామానికి, డాక్టరు దగ్గరికి, మార్కెట్టుకి ఏళ్ల తరబడి వెళ్లొచ్చు. ఆటో ఇంటి ముందుకి వస్తుంది, బ్యాటరీ గొడవ లేదు. ఎడ్వాన్స్‌గా డబ్బు చేతిలో పెట్టకు, వారం వారం ఇవ్వు. ఒకరిని అడక్కుండా బయటికి వెళ్లాలనే కోరిక నాన్నగారికి గట్టిగా ఉంటేనే స్కూటర్ కొనమంటాను. మా మావయ్యగారు మాస్టారుగా చేసిన మనిషి, ఆటో కోసం వీధిలో నిలబడి పిలవడం ఆయనకి ఇష్టం లేదు. అందుకే మాకు కిట్టుబాటైంది. కొత్తది, మెరిసేది, నలుగురూ చూసి మెచ్చుకునేది కొంటే ఆ తేడా వెయ్యికి పైగా డాలర్లు నువ్వు ఇక్కడ గంటలు లెక్కపెట్టుకుని పనిచేసి తీర్చాలి. ఏడాది కిందట వచ్చినదానివి, ఎమర్జెన్సీకి బ్యాంకులో ఆరు నెలల అద్దె ఉందా? లేకపోతే ముందు అది చూసుకో. నాన్నగారు కూడా అదే అంటారు, అడిగి చూడు.

నాన్నగారి బరువు, నీ కారు మోడలు, ఏ సంవత్సరానిది, ఊళ్లో ఇంటికి ఎన్ని మెట్లు, ఇంటి నుంచి తారురోడ్డు దాకా ఎంత దూరం, మధ్యలో చప్టాలు ఉన్నాయా, ఇవి రాసి పంపు. మెట్ల ఎత్తు కూడా ఊళ్లో ఎవరి చేతైనా టేపుతో కొలిపించు, అందాజుగా చెప్పొద్దు. అవి వచ్చాక ఏ బరువు ముక్కలున్న బండి చూడాలో చెప్తాను. అంతవరకు షాపు వైపు వెళ్లకు.