అమ్మమ్మను రజాకార్ల కాలం గురించి అడిగే ముందు

బిడ్డా, అమ్మమ్మ దగ్గర కూసొని నిజాం తరఫున ఊర్ల మీద పడ్డ రజాకార్ల కాలం ముచ్చట్లు రికార్డు చేస్తానన్నవ్, మంచి పని, ఇప్పటికే లేటైంది. నేను మా అమ్మతోని, అంటే మీ అమ్మమ్మ తల్లితోని, ఇదే పని చేస్తూ ఒక తప్పు చేసిన, అది నువ్వు చెయ్యకు.

"పోలీస్ యాక్షన్ అయినంక కూడా రజాకార్లు మనింటికొచ్చిన్రు" అని అమ్మ చెప్తుంటే నేను మధ్యలో అడ్డుకొని కాదమ్మా, 1948 సెప్టెంబర్ 13న ఇండియా మిలిటరీ వచ్చింది, 17న నిజాం లొంగిపోయిండు, ఇంకెక్కడి రజాకార్లు అన్న. అంతే, కొంగు సర్దుకొని లేచిపోయింది, మళ్లా ఆ ముచ్చట ఎత్తలే. చాన్నాళ్లకు నాకు సమజైంది, కమ్యూనిస్టుల సాయుధ పోరాటం 1951 అక్టోబర్ దాకా నడిచింది, దళంల ఉన్నోళ్ల కోసం పోలీసులు, మిలిటరీ ఊర్ల మీద పడేటోళ్లు. ఖాకీ బట్టలేసుకొని రాత్రిపూట తలుపు కొట్టినోళ్లంతా అమ్మకు రజాకార్లే. అందుకే తారీకులు నువ్వు తర్వాత చూసుకో, ఆమెనైతే బతుకమ్మకు ముందా తర్వాతా, జొన్న కోసిన్రా లేదా అని అడుగు, చాలు.

"ఏం జరిగింది" అని కూడా అడగకు, మస్తు కష్టపడ్డం బిడ్డా అని ఊకుంటది. జొన్నల పాతర ఎక్కడ తవ్విన్రు, పైన ఏం కప్పిన్రు, రాత్రి ఎక్కడ పండుకున్నరు, ఇట్ల అడుగు. అమ్మ చెప్పింది, అప్పుడు ఆరేండ్లున్న మీ అమ్మమ్మను జొన్నచేన్ల పండబెట్టి, దగ్గొస్తుంటే అరచెయ్యితోని నోరు మూసిపట్టిందట, చెప్పేటప్పుడు కూడా అమ్మ చెయ్యి తన నోటి మీదికే పోయింది. ఆ చెయ్యి కింద ఉన్న పిల్లకు ఏం గుర్తుందో ఇంట్ల ఎవ్వరం అడగలే.

వాడకట్టులో ఉన్న సాయిబుల సంగతి కూడా అడుగు. రజాకార్లు బైరాన్‌పల్లిల ఊరోళ్లను కాల్చి చంపింది అందరం చెప్పుకుంటం, యాక్షన్ తర్వాత ఏ పాపం తెల్వని ముస్లింలను చంపింది మాత్రం ఇండ్లల్ల మాట్లాడం. ఏం జరిగిందో చూసి రమ్మని ఢిల్లీ సర్కారు పంపిన సుందర్‌లాల్ కమిటీ తక్కువల తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చచ్చిపోయిన్రని రాసింది, ఆ రిపోర్టును సర్కారు చానేండ్లు బయటపెట్టలే. ఆమె చెప్పేది మనోళ్లకు మంచిగ అనిపించకపోయినా కట్ చెయ్యకు.

ఏడిస్తే ఫోన్ ఆపేసి నీళ్లిచ్చి పక్కన కూసో, ఇంకో ప్రశ్న వెయ్యకు.

ఆదివారం పొద్దుగాలే పో, మధ్యాహ్నమైతే అలిసిపోతది. చెవి మిషన్ పెట్టుకుందా చూసుకొని అప్పుడు రికార్డింగ్ ఆన్ చెయ్యి, ముందు ఆ జొన్నచేను సంగతే అడుగు.