పార్షియలా, టోటలా? ముందు ఏ ఎక్స్‌రేలు తీయించాలి, ఏం అడగాలి

మీరు అడిగింది: అమ్మగారికి 63 ఏళ్లు, కుడి మోకాలు లోపలివైపు నొప్పి, కాళ్లు కాస్త దొడ్డిగా వంగాయి. ఒక డాక్టరు పార్షియల్ (మోకాలిలో అరిగిన ఒక్క భాగాన్నే మార్చే ఆపరేషన్) సరిపోతుందన్నారు, ఇంకొకరు టోటల్ (మొత్తం మోకాలి మార్పిడి) చేయించుకుంటే మళ్లీ చూసుకోనక్కర్లేదన్నారు. ఎవరి మాట వినాలి?

మోకాలి ఆపరేషన్లు అయినవాళ్లకు వ్యాయామం చేయించే పనిలో ఉన్నాను కాబట్టి రెండు రకాల కాళ్లూ నాకు బాగా తెలుసు. దీన్ని తేల్చేది వయసూ కాదు, ఖర్చూ కాదు. అరుగుదల మోకాలిలో ఎక్కడుంది, లిగమెంట్లు (ఎముకలను కలిపి పట్టి ఉంచే గట్టి పట్టీలు) ఎలా ఉన్నాయి అన్నవే తేలుస్తాయి.

మోకాలిలో మూడు భాగాలుంటాయి: లోపలివైపు, బయటివైపు, చిప్ప కింద. దొడ్డికాళ్లున్నవాళ్లకు బరువంతా లోపలివైపే పడి అక్కడి గుజ్జు ముందు అరుగుతుంది. పార్షియల్‌లో ఆ ఒక్క భాగానికే తొడ ఎముక చివర లోహపు తొడుగు, కింది ఎముక మీద పలక, మధ్యలో పాలిథిలీన్ అనే గట్టి ప్లాస్టిక్ ముక్క పెడతారు. మోకాలి మధ్యలో అడ్డంగా దాటే ముందు, వెనక క్రూసియేట్ లిగమెంట్లు రెండూ అలాగే ఉంటాయి. మోకాలు సొంత కాలిలాగే అనిపించడానికి పెద్ద కారణం అదే. టోటల్‌లో లోపలా బయటా రెండువైపులా మార్చేస్తారు. చాలా డిజైన్లలో ముందు లిగమెంట్ తీసేస్తారు. వెనకది ఉంచడం డిజైన్‌ను బట్టి, చిప్ప వెనక ప్లాస్టిక్ బటన్ పెట్టడం సర్జన్‌ను బట్టి ఉంటుంది.

చాలామంది తలకిందులుగా అర్థం చేసుకునే విషయం ఒకటుంది. 'అరుగుదల ఇంకా తక్కువే కదా, పార్షియల్‌తో సరిపెడదాం' అనుకుంటారు. అది తప్పు. లోపలివైపు గుజ్జు పూర్తిగా పోయి ఎముకకు ఎముక తగులుతున్న మోకాలికే పార్షియల్ బాగా పనిచేస్తుంది. సగం అరిగిన దానికి చేస్తే నొప్పి తగ్గకుండా ఉండిపోయే అవకాశం ఎక్కువ. అలాంటి దశలో బరువు తగ్గడం, తొడ కండ బలం పెంచే వ్యాయామాలు, మందులతోనే నెట్టుకురావాలి.

ఇది తేల్చడానికి పడుకోబెట్టి తీసిన ఒక్క ఎక్స్‌రే చాలదు. నిలబెట్టి ఎదురుగా తీసింది, పక్కనుంచి తీసింది, మోకాలు మడిచి చిప్ప కింది సందు కనిపించేలా తీసే స్కైలైన్ వ్యూ, తుంటి నుంచి చీలమండ దాకా కాలంతా ఒకేసారి కనిపించే స్కానోగ్రామ్ ఎక్స్‌రే కావాలి. నిలబెట్టి తీసినదాంట్లో ఎముకలు తగులుతున్నట్టు స్పష్టంగా లేకపోతే, మోకాలు 45 డిగ్రీలు మడిచి నిలబడగా తీసే వ్యూ అడగండి. అన్నిటికన్నా ముఖ్యమైనది వాల్గస్ స్ట్రెస్ ఎక్స్‌రే. మోకాలు 20 డిగ్రీలు మడిచి, పాదాన్ని బయటివైపు నెట్టిపట్టి తీస్తారు. దాంట్లో చూసేవి రెండు: కాలి వంకర మళ్లీ తిన్నగా సర్దుకుంటోందా, బయటివైపు సందు పూర్తి మందంలో ఉందా. సర్దుకోకపోయినా, బయటి సందు సన్నబడినా పార్షియల్ మాట వదిలేయాలి. ముందు లిగమెంట్ తెగి ఉన్నా, కాలు పూర్తిగా చాచకుండా 15 డిగ్రీలకు మించి వంగే ఉండిపోయినా అంతే. రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లన్నిటినీ వాపుతో పాడుచేసే జబ్బు) ఉంటే ఇక ఆలోచించనే అక్కర్లేదు, టోటలే.

పార్షియల్‌కు అరవై దాటి ఉండాలి, 82 కిలోల లోపు ఉండాలి అనే నియమాలు 1989 నాటివి. తర్వాత, పార్షియల్ ఇంప్లాంట్ ఒకటి రూపొందించిన ఆక్స్‌ఫర్డ్ సర్జన్ల బృందం ఫలితాలు చూశాక చాలామంది సర్జన్లు వాటిని పక్కనపెట్టారు. మీ అమ్మగారి వయసు దేనికీ అడ్డు కాదు.

లెక్కల విషయానికొస్తే, బ్రిటన్‌లో 528 మందితో చేసిన టాప్‌క్యాట్ అనే అధ్యయనం 5 ఏళ్ల ఫలితాలు 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. రెండింటికీ అర్హులైనవాళ్లనే తీసుకున్నారు. నొప్పి, నడక విషయంలో రెండూ దాదాపు సమానమే, ఖర్చులో పార్షియల్ మెరుగు. అయితే దేశవ్యాప్త రిజిస్ట్రీల్లో (ప్రతి ఇంప్లాంట్ ఆపరేషన్‌ను నమోదుచేసే జాబితాల్లో) చూస్తే మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యేది పార్షియల్‌కే ఎక్కువ. మరోపక్క గుండెపోటు, రక్తం గడ్డలు, ఇన్ఫెక్షన్ లాంటి పెద్ద ఇబ్బందులు పార్షియల్‌లో తక్కువ.

మళ్లీ ఆపరేషన్లు ఎక్కువ కావడానికి ఒక కారణం బయటివైపు భాగం తర్వాత అరగడం. వంకరను అతిగా సరిచేస్తే అది తొందరగా వస్తుంది. ఇంకొకటి, మధ్యలోని ప్లాస్టిక్ ముక్క బిగించకుండా కదిలేలా పెట్టే రకంలో (కదిలే బేరింగ్) ఆ ముక్క జారిపోవడం. బాసింపట్టు వేసుకుని, గొంతుకు కూర్చునే అలవాటున్న మన ప్రాంతాల్లో ఇది గుర్తుంచుకోవాలి. కింది ఎముకను లోతుగా కోసినా, ఆపరేషన్‌లో కోత పరికరాన్ని పట్టి ఉంచే పిన్నులు ఎక్కువ గుచ్చినా ఎముక విరగొచ్చు. పైగా పార్షియల్‌ను టోటల్‌గా మార్చడం కొంత తేలిక కాబట్టి, నొప్పి ఉందనగానే మార్చేసేవాళ్లూ ఎక్కువ. ఎముక బాగా పోయి ఉంటే మాత్రం ఆ మార్పిడి కూడా తేలిక కాదు. ఎముక లోపలికి దిగే పొడవాటి స్టెమ్ (లోహపు కడ్డీ) పెట్టాల్సి వస్తుంది.

అందుకే సర్జన్‌ను మొహమాటం లేకుండా అడగండి: 'మీరు చేసే మోకాలి మార్పిడుల్లో పార్షియల్స్ ఎన్ని?' కనీసం ఐదింట ఒకటి ఉన్న సర్జన్ల దగ్గర ఫలితాలు బాగుంటాయి. ఏడాదికి రెండో మూడో చేసేవారి దగ్గర పార్షియల్ కన్నా, చేయి తిరిగినవారి దగ్గర టోటల్ మేలని నా గట్టి అభిప్రాయం. రోబో ఉందన్న మాటకు మురిసిపోకండి. అది ముక్కను సరైన కోణంలో కూర్చోబెట్టడానికి సాయపడుతుంది. పార్షియల్‌కు పనికిరాని మోకాలిని పనికొచ్చేలా చేయదు.

టోటల్‌కూ దాని ఇబ్బందులున్నాయి. బిగుసుకుపోవడం, కోత బయటివైపు చర్మం మొద్దుబారడం, ఎక్స్‌రే బాగున్నా ఏదో నొప్పి మిగలడం. దాదాపు ఐదుగురిలో ఒకరు పూర్తి సంతృప్తిగా ఉండరు. మడత సాధారణంగా 110 నుంచి 125 డిగ్రీల దగ్గర ఆగుతుంది. పార్షియల్‌లో ఇంకాస్త ఎక్కువ వస్తుంది. ఆపరేషన్‌కు ముందు 90 డిగ్రీల కన్నా ఎక్కువ మడవలేని కాలు తర్వాతా పెద్దగా మడవదు. ఏది చేయించినా నేలమీద కూర్చోవడం, ఇండియన్ టాయ్‌లెట్ మానేసే ఏర్పాటు ముందే చేసుకోండి.

ముందుగా సరిచేయాల్సినవి: షుగర్ ఉంటే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 7.5 దగ్గరికి రావాలి. పుచ్చు పళ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్, పాదాల పగుళ్లు, పుండ్లు నయం చేయించాలి. ఆ మోకాలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే మూడు నెలలు ఆగాలి. చాలామంది ఈ సంగతి చెప్పడం మర్చిపోతారు, మీరే గుర్తుచేయండి.

తర్వాత రెండింటిలోనూ అదే రోజో మర్నాడో వాకర్‌తో నడిపిస్తారు. చేతికర్ర వదలడానికి పార్షియల్‌కు రెండు మూడు వారాలు, టోటల్‌కు నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. ఇళ్లలో అందరూ మడత కోసం తంటాలు పడతారు, కాలు పూర్తిగా చాచడం మర్చిపోతారు. చాచలేని కాలు జీవితాంతం కుంటిస్తుంది. హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టకండి. మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలు గాల్లో ఉండేలా పది నిమిషాలు, రోజుకు నాలుగుసార్లు ఉంచండి. మడత రెండు వారాలకు 90 దాకా, ఆరు వారాలకు 110 దాకా రావాలి. ఆరు వారాలైనా 90 దాటకపోతే సర్జన్‌కు చెప్పండి. మత్తిచ్చి మడిచే చికిత్స మూడు నెలల లోపే బాగా పనిచేస్తుంది.

గాయం నుంచి వారం దాటినా రసి కారుతున్నా, పిక్క వాచి నొప్పెట్టినా, జ్వరమొచ్చినా అదే రోజు సర్జన్‌కు ఫోన్ చేయండి. ఆయాసమో ఛాతీ నొప్పో వస్తే ఫోన్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకే తీసుకెళ్లండి. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని వేయకండి. అది వేస్తే మోకాలి లోపలి నీరు తీసి పరీక్షించినా ఏ క్రిమో తెలియకపోవచ్చు, అసలు వైద్యం ఆలస్యమవుతుంది. మోకాలిమీద ఆకుపట్లు, నూనె మర్దనా వద్దు.

బిల్లు విషయం: మోకాలి ఇంప్లాంట్ల ధరలకు 2017 ఆగస్టులో కేంద్రం పరిమితి పెట్టింది. ఇంప్లాంట్ ఖర్చు బిల్లులో విడిగా చూపించమని అడగండి. పెట్టెమీది స్టిక్కర్లను డిశ్చార్జి కాగితాలకు అంటించి ఇమ్మనండి. కంపెనీ, సైజు, లాట్ నంబరు వాటిమీదే ఉంటాయి. పదిహేనేళ్ల తర్వాత ఆ మోకాలిని తెరవాల్సిన సర్జన్ మొదట అడిగేది ఆ కాగితాన్నే.