ఇనే ఊళ్లో నేను చూసింది: టూరిస్టులు, చేపల వేట

జపాన్‌లో సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊళ్లకు టూరిస్టులు ఎక్కువైతే అక్కడి పాత వృత్తులు నిలబడతాయా, పోతాయా అని ఒకరు నన్ను అడిగారు. ఒసాకాలో ఉద్యోగం చేసిన నాలుగేళ్లలో ఇనే అనే ఊరికి మూడుసార్లు వెళ్లాను. నాకు దగ్గరగా తెలిసింది ఆ ఊరే, దాని గురించే చెబుతాను.

ఇనే క్యోటో ప్రిఫెక్చర్‌లోనే (మన రాష్ట్రం లాంటి పాలనా ప్రాంతం) ఉంది. కానీ క్యోటో నగరం నుంచి అమనోహషిదాతె వరకు రైల్లో రెండు గంటలు, అక్కడి నుంచి బస్సులో ఇంకో గంట పడుతుంది. జనాభా సుమారు రెండు వేలు. సముద్రపు పాయ చుట్టూ నీళ్లను ఆనుకుని 230 దాకా 'ఫునాయా'లు ఉంటాయి. ఫునాయా అంటే పడవ కోసం కట్టిన ఇల్లు. కింది భాగం నీళ్లలోకే తెరుచుకుని ఉంటుంది, పడవను నేరుగా లోపలికి లాగేస్తారు. వలలు, సామాన్లు పైన పెట్టుకునేవారు. కుటుంబం ఉండే అసలు ఇల్లు రోడ్డుకి అవతల, కొండ వైపు ఉంటుంది.

మా ఉప్పాడలో సముద్రం ఇళ్లను కోసుకుపోవడం చూస్తూ పెరిగాను. నీళ్లకు ఇంత దగ్గరగా ఇళ్లెలా నిలిచాయా అని మొదటిరోజు అక్కడే చాలాసేపు నిలబడిపోయాను. ఆ పాయ దక్షిణానికి తెరుచుకుని ఉంది, మిగతా వైపులా కొండలు, నోటి దగ్గర అఒషిమా దీవి అడ్డు. ఆటుపోట్ల తేడా అర మీటరు లోపే. అందుకే సాధ్యమైంది.

2005లో ప్రభుత్వం ఈ ఇళ్ల వరుసను రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. ఇప్పటి పడవలు పెద్దవి, చాలావరకు ఫునాయాల్లో పట్టక బయటే కట్టేస్తారు. ఖాళీ అయిన ఫునాయాల్లో కొన్ని బస చేసే గదులయ్యాయి, కొన్ని కాఫీ షాపులయ్యాయి. నా ఉద్దేశంలో ఇది మంచిదే. వాడని చెక్క ఇల్లు ఉప్పుగాలికి ఎన్నాళ్లు ఆగుతుంది?

కానీ ఇబ్బంది కూడా కళ్లారా చూశాను. రెండోసారి వెళ్లినప్పుడు ఫోటో కోసం రెండు ఫునాయాల మధ్య సందులోకి వెళ్లాను. లోపల వల బాగుచేసుకుంటున్న పెద్దావిడ లేచి వచ్చి, ఇది మా ఇల్లండీ అని మెల్లగా చెప్పింది. సిగ్గుతో తల వంచి క్షమించమన్నాను. ఆవిడ రోజుకి ఎంతమందికి ఆ మాట చెప్పాల్సి వస్తుందో!

మూడోసారి రాత్రి అక్కడే ఉన్నాను. నేను దిగిన బస యజమాని తెల్లవారుజామున వేటకు వెళ్తాడు, మధ్యాహ్నం నుంచి అతిథులను చూసుకుంటాడు. పొద్దున్నే రేవుకి వెళ్తే, సముద్రంలో నిలిపి ఉంచిన పెద్ద వలల నుంచి తెచ్చిన చేపలను దించుతున్నారు. ఊరి ఆడవాళ్లు బకెట్లు పట్టుకుని వచ్చి ఆ రోజు కూరకి అక్కడే కొనుక్కున్నారు. చలికాలంలో దొరికే బురి చేపకి ఇనే పేరుమోసింది. 1754 నుంచి ఉన్న ముకాయ్ అనే సాకె (బియ్యాన్ని పులియబెట్టి చేసే జపాన్ మద్యం) తయారీ శాల కూడా ఒడ్డునే ఉంది, ఎర్ర బియ్యంతో గులాబీ రంగు సాకె చేస్తారు.

పగలు వచ్చి ఫోటోలు తీసుకుని సాయంత్రం బస్సెక్కే జనం వల్ల వేటకు ఒరిగేదేమీ లేదు, రోడ్డు మాత్రం నిండిపోతుంది. రాత్రి ఉండి భోంచేసేవాళ్ల డబ్బు చేపకి, చేప పట్టినవాడికి చేరుతుంది. నన్నడిగితే వేటకు అసలు భయం టూరిస్టుల వల్ల కాదు, పడవెక్కే కుర్రాళ్లు తగ్గిపోవడం వల్ల. ఆ యజమాని కొడుకు నగరంలో ఉద్యోగం వదిలి వచ్చాడట. గదుల ఆదాయం లేకపోతే వాణ్ని రమ్మనే ధైర్యం నాకుండేది కాదు అన్నాడాయన.