ప్యానెల్లో వీడియో వేస్తే పిల్లలు కదలకుండా చూస్తారు, మర్నాడు అడిగితే మాట రాదు. ఏం మార్చాలి?

మేడం, మీరు అడిగింది ఇదీ: గుంతకల్లు దగ్గర జెడ్పీ హైస్కూల్లో 8, 9, 10 తరగతులకు సైన్సు చెబుతున్నారు, తరగతికి 52 మంది. గదిలోని పెద్ద టచ్ తెర మీద, అంటే ప్యానెల్లో, వీడియో వేస్తే బుద్ధిగా చూస్తారు గానీ మర్నాటికి ఏమీ నిలవడం లేదు. నెట్ ఒక పూట ఉంటే ఒక పూట ఉండదు.

వీడియో వేయకముందే ప్రతి పిల్లా, పిల్లవాడూ "ఇలా జరుగుతుంది" అని ఏదో ఒక జవాబుకు కట్టుబడాలి. తెర మీద చూపించడం ఆ తర్వాతే. పన్నెండు నిమిషాల వీడియో ఏకబిగిన నడిస్తే చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. తాము అనుకుంటున్నది తప్పో ఒప్పో తేల్చుకునే పని పిల్లలకు పడదు. నలభై అయిదు నిమిషాల పీరియడ్లో తెర వెలిగేది పది నిమిషాలకు మించకుండా, అదీ రెండు మూడు ముక్కలుగా చూసుకోండి.

అందుకు ముందు కావలసింది అట్టముక్కలు. పాత నోటుబుక్కుల అట్టలు, చీరల పెట్టెలు ఏవైనా సరే. ఎనిమిది అంగుళాల చదరంగా తలా ఒకటి కత్తిరించండి. నాలుగు అంచులకూ నాలుగు రంగుల కాగితం పట్టీలు అంటించి, ఒక్కో దాని మీద ఎ, బి, సి, డి అని రెండంగుళాల అక్షరం రాయించండి. అట్ట తిప్పి పట్టుకున్నప్పుడు పైకొచ్చిన అంచే జవాబు. అక్షరం చివరి బెంచీ నుంచి మీకు ఆనకపోయినా రంగు తెలుస్తుంది. వెనకవైపు మాత్రం ఏమీ రాయనివ్వకండి, వెనక కూర్చున్నవాళ్ళు చూసి అదే ఎత్తుతారు. ఫోన్ కెమెరాతో కార్డులు స్కాన్ చేసే ప్లికర్స్ లాంటి యాప్‌లు మంచివే గానీ, వాటికి పీరియడ్ నడుస్తుండగా నెట్ ఉండాలి. మీకు అట్టే నయం.

ప్రశ్న చదివాక ముప్పై సెకన్లు ఎవరూ మాట్లాడకూడదు. జవాబు అక్షరం ముందు నోటుబుక్కులో రాసుకోవాలి. తర్వాత "ఒకటి, రెండు, మూడు" అనగానే అందరూ ఒక్కసారే ఎత్తాలి. ఒక్కొక్కరుగా ఎత్తితే క్లాసు ఫస్టు వచ్చే పిల్ల చెయ్యి ఎటు తిరిగిందో చూసి మిగతావాళ్ళు తిప్పేస్తారు. మీ లెక్కకు అప్పుడు విలువ ఉండదు. 52 మందిలో పదహారు మంది కంటే తక్కువ ఒప్పు చెబితే ఆ విషయం మళ్ళీ చెప్పాల్సిందే. ముప్పై ఆరు దాటితే ఒక్క మాటలో తేల్చి ముందుకు పోండి. మధ్యలో ఉంటే అదే మీకు కావలసిన చోటు: జవాబు చెప్పకండి, వేరే అక్షరం ఎత్తినవాళ్ళతో రెండు నిమిషాలు వాదించుకోమనండి, మళ్ళీ ఎత్తించండి. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ముప్పై నుంచి డెబ్భై శాతం (52 మందిలో పదహారు నుంచి ముప్పై ఆరు) అనే లెక్క అక్కడి నుంచి వచ్చిందే. ఎక్కువగా చెడేది ఒక్కచోట: మొదటి ఓటు కాగానే టీచరు ముఖంలో నవ్వు కనబడితే పిల్లలు ఇక వాదించరు.

ప్రశ్నలో తప్పు జవాబులు పిల్లలు నిజంగా అనుకునేవే కావాలి. కరెంటు పాఠం తీసుకోండి. వినాయక చవితి పందిట్లో వేలాడే సీరియల్ సెట్టు అందరికీ తెలుసు. "బ్యాటరీకి రెండు ఒకే రకం బల్బులు సీరియల్‌గా కలిపాం. బ్యాటరీ ప్లస్‌కు దగ్గరున్న బల్బు ఎలా వెలుగుతుంది?" ఎ: ఎక్కువగా. బి: తక్కువగా. సి: రెండూ సమానంగా. డి: అదొక్కటే వెలుగుతుంది. ఒప్పు సి, అయినా చాలామంది ఎ ఎత్తుతారు, మొదటి బల్బు కరెంటును కొంత వాడేసుకుంటుందన్నది వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం బయటపడ్డాక తెర తెరవండి.

తెర మీదకు కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళ ఫెట్ సిమ్యులేషన్లలో, అంటే తెర మీదే చేసి చూసే ప్రయోగాల్లో, డీసీ సర్క్యూట్ కిట్ వాడండి. ఉచితం. కొన్ని సిమ్యులేషన్లు తెలుగులోనూ ఉన్నాయి. నెట్ ఉన్న పూట ఒక్కో సిమ్యులేషన్‌ను హెచ్‌టీఎంఎల్ ఫైలుగా దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే తర్వాత నెట్ అక్కర్లేదు. ప్యానెల్లో ఆ ఫైలు నొక్కితే తెల్లటి తెర వచ్చి ఆగిపోతుంటే దాన్ని హెచ్‌టీఎంఎల్ వ్యూయర్ తెరుస్తోందని అర్థం, అందులో జావాస్క్రిప్టు నడవదు. "ఓపెన్ విత్" అడిగి క్రోమ్ ఎంచుకోండి. పాత జావా సిమ్యులేషన్లు ఆండ్రాయిడ్‌లో తెరుచుకోవు, వాటిని దించుకుని ప్రయోజనం లేదు. ఇంకొక చిక్కు: కిట్ తెరిచాక నీలం చుక్కలుగా ఎలక్ట్రాన్లు కదులుతాయి, పుస్తకంలోని బాణం గుర్తుకు ఎదురు దిక్కులో. పిల్లలు అక్కడే తికమక పడతారు. పక్కన ఉన్న మీటలో "కన్వెన్షనల్" పెట్టి మొదలుపెట్టండి, ఎలక్ట్రాన్ల సంగతి ఆ పాఠం అయ్యాక తీయండి.

సిమ్యులేషన్ తర్వాత నిజం వస్తువు కూడా చూపించాలి. రెండు సెల్లులు, రెండు టార్చి బల్బులు, మూరెడు వైరు చాలు. ఇక్కడ చాలామంది ఎల్ఈడీలు తెచ్చి ఇబ్బంది పడతారు. ఎర్ర ఎల్ఈడీకి సుమారు 2 వోల్టులు, తెల్లదానికి సుమారు 3 వోల్టులు కావాలి. రెండు సెల్లుల 3 వోల్టులకు రెండు తెల్ల ఎల్ఈడీలు సీరియల్‌గా కలిపితే ఏదీ వెలగదు, "సీరియల్ అంటే వెలగనిది" అని పిల్లలు రాసుకుంటారు. లోపల ఫిలమెంటు ఉన్న బల్బే తెప్పించండి. రెండూ ఒకే రకం అయి ఉండాలి, లేకపోతే వెలుగు తేడాగా వచ్చి ఎ ఎత్తినవాళ్ళే గెలుస్తారు.

ఇక ప్యానెల్ కంటే మీ చేతిలో ఫోనే ఎక్కువ పనికొస్తుంది అనిపించే చోటు ఒకటుంది. 8వ తరగతి సూక్ష్మజీవుల పాఠంలో రైజోబియం వస్తుంది, వేళ్ళ బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా అది. మన జిల్లాలో ఆ పాఠానికి వీడియో ఎందుకు? బడి చుట్టూ శెనక్కాయ చేలే, కర్నూలు వైపు బుడ్డలంటారు. రెండు మొక్కలు వేళ్ళతో సహా తవ్వి తెప్పించండి. చేత్తో పీకితే ఎర్రనేలలో వేళ్ళు తెగి బుడిపెలు మట్టిలోనే ఉండిపోతాయి. వాన పడిన మర్నాడు, లేదా నీళ్ళు పోసి, పారతో చుట్టూ తవ్వి ఎత్తాలి. బక్కెట్టు నీళ్ళలో ముంచి మెల్లగా ఆడిస్తే మట్టి పోతుంది, కుళాయి కింద పెట్టవద్దు.

ఫోనుకు స్టాండు కొననక్కర్లేదు. బల్ల మీద నోటుబుక్కులు రెండు దొంతులు పెట్టండి. వాటి మీద రెండు స్కేళ్ళు అడ్డం వేసి, వెనక కెమెరా వాటి సందులోంచి కిందికి చూసేలా, తెర పైకి ఉండేలా ఫోను పెట్టండి. కింద తెల్ల కాగితం, వెలుతురు కిటికీ వైపు నుంచి. ఫ్లాష్ వేస్తే తడి వేరు మెరిసి ఏమీ కనబడదు. వేరును కెమెరాకు దగ్గరగా జరిపితే మసకబారుతుంది. పది సెంటీమీటర్ల దూరం ఉంచి, జూమ్ రెండింతలు చేసి, తెర మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్ నిలుస్తుంది.

ఫోను తెర ప్యానెల్ మీదకు రావడానికి నెట్ అక్కర్లేదు. మీ ఫోన్లో హాట్‌స్పాట్ వేసి ప్యానెల్‌ను దానికి కలపండి, తర్వాత ప్యానెల్లో ఉన్న స్క్రీన్ షేర్ యాప్ తెరిస్తే సరిపోతుంది. మొబైల్ డేటా మాత్రం ఆపేయండి, లేకపోతే ప్యానెల్ లోలోపల అప్‌డేట్లు దించుకుని మీ రోజు డేటా మింగేస్తుంది. "డు నాట్ డిస్టర్బ్" కూడా పెట్టుకోండి. ఇంటి నుంచి వచ్చిన వాట్సాప్ మెసేజీ 52 మంది చదవకూడదు కదా. టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐ వైరు కొనే ముందు ఆలోచించండి. తక్కువ ధర ఫోన్లలో ఎక్కువ వాటికి ఆ దారిలో బొమ్మ బయటకు పంపే ఏర్పాటే ఉండదు.

ఇప్పుడు అట్టలు. "యూరియా బాగా చల్లిన చేలో బుడిపెలు ఎక్కువా, తక్కువా?" ఎత్తించి, వాదించనివ్వండి. తర్వాత బ్లేడుతో ఒక బుడిపెను మీరే అడ్డంగా కోయండి. రెండు మిల్లీమీటర్ల బుడిపె ప్యానెల్ మీద చాలా పెద్దగా కనిపిస్తుంది. లోపల గులాబీ, ఎరుపు రంగు ఉంటే అది పని చేస్తున్న బుడిపె, ఆ రంగు లెగ్‌హిమోగ్లోబిన్ అనే పదార్థానిది. తెల్లగా ఉంటే ఇంకా ముదరలేదు, ఆకుపచ్చగా ఉంటే దాని కాలం అయిపోయింది. గాలి తగిలితే రంగు మారిపోతుంది కాబట్టి ముందే కోసి పెట్టుకోకండి, పిల్లల కళ్ళ ముందే కోయండి. నేలలో నత్రజని దండిగా దొరికితే చెట్టు రైజోబియంకు చోటివ్వడం తగ్గిస్తుంది, కాబట్టి యూరియా చేలో బుడిపెలు తక్కువే. ఒకవేళ ఎవరైనా పురుగు ముడులున్న వేరు తెచ్చి బుడిపెలంటే, వేలితో రుద్ది చూపించండి: రైజోబియం బుడిపె ఊడి వస్తుంది, నులిపురుగు ముడి వేరే ఉబ్బినది కాబట్టి ఊడదు. పూత తర్వాత ఊడ నేలలోకి దిగడం, కాయ కట్టడం మీరు చెప్పవద్దు. చేను చేసే ఇంటి పిల్లవాణ్ణి ముందుకు పిలిచి వేలు పెట్టి చూపించమనండి. ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే పిల్లలు ఆ రోజు మాట్లాడతారు, ఆ అవకాశం వాళ్ళకు దక్కాలి.

ప్యానెల్ మొరాయింపుల్లో ఎక్కువగా వచ్చేది టచ్. రాసింది ఒకచోట, గీత పడేది ఇంకోచోట, లేదా ఎవరూ ముట్టకుండానే చుక్కలు. చాలా ప్యానెళ్ళలో టచ్ పనిచేసేది చట్రం లోపలి పరారుణ కిరణాలతో. సుద్దపొడి, పురుగు, అంటించిన స్టిక్కరు ఆ కిరణానికి అడ్డుపడితే వేలనుకుంటుంది. ఆపేసి, నాలుగు అంచుల లోపలి మూలలూ పొడి మెత్తటి గుడ్డతో తుడవండి, తడిగుడ్డ వద్దు. ఎండ నేరుగా చట్రం మీద పడ్డా ఇదే జరుగుతుంది, ఆ కిటికీకి తెర కట్టండి. పెన్‌డ్రైవ్ కనబడకపోతే అది ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్లో ఉందేమో చూడండి, ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చండి. ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. గదిలో శబ్దం మార్మోగుతుంటే వాల్యూమ్ పెంచకండి. మ్యూట్ చేసి మీరే మీ మాటల్లో చెప్పండి, పిల్లలకు మీ తెలుగే బాగా ఎక్కుతుంది.

సోషల్ టీచరు గారికి కూడా ఒక మాట చెప్పండి: కడప జిల్లా కలమళ్ల శాసనం క్రీ.శ. 575 నాటిది, దొరికిన తెలుగు శాసనాల్లో తొలిదిగా చెబుతారు. దాని ఫొటో ముందే దించుకుని ప్యానెల్ మీద పెద్దది చేసి, ఈనాటి అక్షరాలను పోలినవి ఎన్ని దొరుకుతాయో వెతికించవచ్చు.

మీరు మాత్రం మొదట కరెంటు పాఠం ఒక్కటే ఇలా చేయండి, వారానికి రెండు ప్రశ్నలు చాలు. అట్టలు పిల్లల చేతనే చేయించి క్లాసులోనే కట్టగట్టి పెట్టండి, ఇంటికి పంపితే సగం తిరిగి రావు. శెనక్కాయ జూన్, జూలైలో విత్తితే బుడిపెలు బాగా గులాబీ రంగులో ఉండేది నలభై నుంచి అరవై రోజుల మధ్య. సూక్ష్మజీవుల పాఠం ఆగస్టు, సెప్టెంబరుకు పడేలా చూసుకోండి, సిలబస్‌లో ఒక పాఠం ముందుకో వెనక్కో జరపాల్సి వచ్చినా సరే.