క్యాసిల్ అంటే కోటేనా?

సందేహం: ఒక ఇంగ్లీషు నవలను తెలుగు చేస్తున్నాను. అందులో ‘క్యాసిల్’ అడుగడుగునా వస్తుంది. కోట అని రాద్దామంటే, గోల్కొండ కోటను ఇంగ్లీషులో ‘ఫోర్ట్’ అంటారే గాని క్యాసిల్ అనరు. రెండింటికీ తేడా ఏమిటి? ఈ మాట ఎక్కడ పుట్టింది? పలకని ‘ట’ అందులో ఎందుకుంది?

సమాధానం: కోట అనే రాయండి, తప్పు లేదు. అయితే ఎక్కడ కోట అనకూడదో తెలియాలంటే ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు కొంత చూడాలి.

లాటిన్‌లో ‘కాస్త్రుమ్’ అంటే కాపుదల ఉన్న చోటు. దాని బహువచనం ‘కాస్త్ర’ రోమన్ సేనల విడిదికి పేరు. ఒకప్పుడు రోమన్ శిబిరాలో పట్టణాలో ఉన్న చోట్ల తర్వాత వెలసిన ఇంగ్లండు ఊళ్ల పేర్లకు అదే తోక అయింది. మాంచెస్టర్, వించెస్టర్, లాంకస్టర్ అన్నీ ఆ కోవలోవే. చిన్న కాస్త్రుమ్‌ను ‘కాస్తెల్లుమ్’ అన్నారు. మన క్యాసిల్‌కు మూలం ఇదే.

ఇక్కడ ఒక వింత ఉంది. లాటిన్ బైబిలులో కాస్తెల్లుమ్ చాలాచోట్ల పల్లెటూరు అనే అర్థంలో వస్తుంది. యేసు మార్త ఇంటికి వెళ్లిన ఊరు తెలుగు బైబిలులో ‘గ్రామము’. లాటిన్‌లో అది కాస్తెల్లుమ్. కనుక ఈ మాట ఇంగ్లీషులోకి మొదట మతగ్రంథాల వెంట వచ్చినప్పుడు దానికి గ్రామమనే అర్థం. గోడలూ కందకాలూ తర్వాత వచ్చాయి.

అవి నార్మన్లతో వచ్చాయి. 1066లో ఉత్తర ఫ్రాన్సు నుంచి వచ్చి ఇంగ్లండును జయించిన నార్మన్లు ఊరూరా మట్టిదిబ్బలు పోసి, వాటి మీద కొయ్య బురుజులు కట్టి, తమ మాటలో ‘కస్తెల్’ అన్నారు. అంతకుముందు ఇంగ్లండులో రక్షణ గోడలు లేవని కాదు. ఆంగ్లో-సాక్సన్ల ‘బుర్హ్’లు ఉండేవి, కాంటర్‌బరీలోని ‘బరీ’ ఆ మాటే. కానీ బుర్హ్ ఊరందరికీ రక్ష. కస్తెల్ ఒక్క ప్రభువుకు, అతని కుటుంబానికి, అతని సైనికులకు రక్ష. అది తరచుగా ఆ ఊరి జనం నుంచే! ఫోర్ట్‌కూ క్యాసిల్‌కూ అసలు తేడా ఇక్కడే ఉంది. ఫోర్ట్‌లో దండు ఉంటే చాలు. క్యాసిల్‌లో మాత్రం దొర కాపురం ఉండాలి.

మన ‘దుర్గం’ దారి వేరు. దుర్గమమైనది, చేరడానికి కష్టమైనది దుర్గం. జలదుర్గం, గిరిదుర్గం, వనదుర్గం అంటూ మనవాళ్లు అది ఎక్కడ ఉందో చూసి పేరు పెట్టారు. లోపల ఎవరున్నారన్నది పట్టించుకోలేదు. ‘కోట’ ద్రావిడ పదం. తమిళంలో కోట్టై, కన్నడంలో కోటె. ఇది ఊరి ప్రాకారానికీ, రాజుగారి నివాసానికీ కూడా చెల్లుతుంది కనుక అనువాదకుడికి సుఖం. 1080లో కట్టిన కొత్త క్యాసిల్ వల్ల న్యూకాసిల్‌కు ఆ పేరు వచ్చింది. మన వనపర్తి జిల్లాలో కొత్తకోట ఉండనే ఉంది.

దొర కాపురం అన్నాను కదా, అర్థంలో క్యాసిల్‌కు అతి దగ్గరి తెలుగు మాట కోట కాదు, తెలంగాణ ‘గడీ’. ఎత్తైన గోడలు, పెద్ద దర్వాజా, లోపల దొర నివాసం, అక్కడే తీర్పులు. అయినా స్కాట్లండు ప్రభువును గడీలో కూర్చోబెట్టమని నేను చెప్పను. ఆ మాట వినగానే తెలుగు పాఠకుడికి నిజాం కాలపు వెట్టిచాకిరి గుర్తొస్తుంది, కథ పక్కదారి పడుతుంది.

ఇక మీ ‘ట’ సంగతి. నార్మన్ల నోట అది పలికేది. తర్వాత స, ట, ల మూడూ ఒకచోట ఇరుక్కుని, మధ్యది నోటి నుంచి జారిపోయింది, రాతలో మిగిలింది. విజిల్‌కూ ఇదే జరిగింది. క్యాసిల్, కాసిల్ రెండూ సరే. ‘కాజిల్’లోని జకారం ఇంగ్లీషులో లేదు. కానీ విజిల్‌లో మనం పెట్టుకున్న జకారమూ అక్కడ లేదు కనుక దాని మీద నాకు పెద్ద పేచీ లేదు. ‘క్యాస్టిల్’ అని మాత్రం రాయకండి.

పారిస్ వైపు అదే కస్తెల్ ‘షాతో’గా మారింది. ఫ్రెంచి రాజుల నివాసం వర్సాయ్‌ను ఫ్రెంచివాళ్లు షాతో అంటారు, ఇంగ్లీషువాళ్లు ప్యాలెస్ అంటారు. మీ నవలలో కట్టడం యుద్ధాల కాలం దాటాక విలాసానికి కట్టుకున్నదైతే ‘మహలు’ అనో ‘రాజభవనం’ అనో రాయండి. జర్మనీలోని నోయిష్వాన్‌స్టైన్ పేరుకు క్యాసిల్. బవేరియా రాజు రెండవ లుడ్విగ్ 1869లో దాని పని మొదలుపెట్టించే నాటికి ఫిరంగుల ముందు అలాంటి గోడలకు విలువే లేదు. దాన్ని కోట అంటే లేని యుద్ధాన్ని ఊహించుకుంటాం.

నుడికారాల్లో ఇంకా జాగ్రత్త కావాలి. ‘ఎవరి ఇల్లు వారికి క్యాసిల్’ అన్న మాట 1604 నాటి ఒక ఇంగ్లీషు తీర్పుతో ప్రసిద్ధమైంది. అక్కడ కోట అంటే అతుకుతుంది. గాలిలో కట్టే క్యాసిళ్లు మాత్రం మనకు గాలిమేడలు. పిల్లలు ఇసుకలో కట్టే క్యాసిల్‌ను ఇప్పుడు ఇసుక కోట అంటున్నారు. ఆ పిల్లలు మన ఊళ్ల వాళ్లయితే పిచ్చుకగూళ్లు అనండి.