పారమీషియం ఎందుకు కనిపించడం లేదు?

ప్రశ్న: ఎండుగడ్డి మరిగించి, ఆ నీళ్లను సీసాలో మూత బిగించి వారం ఉంచాను. మైక్రోస్కోపులో బ్యాక్టీరియా తప్ప ఒక్క పారమీషియం (నీళ్లలో బతికే ఏకకణ జీవి) కూడా లేదు. ఎందుకని?

జవాబు: మరిగిస్తే గడ్డి మీది ప్రోటిస్టులు (పారమీషియం లాంటి సూక్ష్మజీవులు) చస్తాయి, తట్టుకునేవి బ్యాక్టీరియా సిద్ధబీజాలు, అంటే గట్టి పొరతో నిద్రాణంగా ఉండే రూపాలు. బ్యాక్టీరియా పెరగడం మంచిదే, పారమీషియానికి అదే తిండి! నీళ్లు పూర్తిగా చల్లారాక, నాచు పట్టిన చెరువు నీళ్లు నాలుగైదు చెంచాలు కలపండి. క్లోరిన్ ఉన్న నీళ్లు వద్దు. మూత బదులు పల్చటి గుడ్డ కట్టండి, వాటికి గాలి కావాలి. వారం ఆగి, పైన కట్టిన తెట్టు కింది నుంచి చుక్క తీయండి. 100 రెట్లలో చెప్పు అడుగు ఆకారంలో దూసుకుపోతుంటాయి. చుక్క మీద పెట్టే పల్చటి గాజు పలక (కవర్‌స్లిప్) కింద నాలుగు దూది పోగులు వేస్తే నెమ్మదిస్తాయి. అప్పుడు సంకోచ రిక్తికను (కణంలోని అదనపు నీటిని బయటికి పంపే సంచిని) తప్పక చూడండి: నీటితో మెల్లగా ఉబ్బి, చటుక్కున ముడుచుకుని, మళ్లీ ఉబ్బుతుంది.