బండి కదిలేటప్పుడు కింద టక్, లైట్లు వేస్తే లేచే టెంపరేచర్ ముల్లు: డిఫరెన్షియల్ మార్చాల్సిందేనా?

మీది 2008 మోడల్ డీజిల్ పికప్. ఫస్ట్ గేర్‌లో కదిలించగానే కింద టక్‌మంటోంది, 50 కి.మీ. వేగం దగ్గర వణుకుతోంది. హెడ్‌లైట్లు వేస్తే టెంపరేచర్ ముల్లు లేస్తోంది, ఇండికేటర్ వేస్తే వెనక పార్కింగ్ లైటు కూడా కొట్టుకుంటోంది. డిఫరెన్షియల్ (వెనక చక్రాలను తిప్పే గేర్ల పెట్టె), ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించేది) రెండూ మార్చమని మెకానిక్ అన్నాడని రాశారు.

అన్నా, ఇప్పుడే అడ్వాన్స్ ఇవ్వకండి. ఇలాంటి బండితోనే ఆరేళ్లు మదనపల్లె మార్కెట్‌కు టమాటా తోలాను. నాకూ ఈ రెండు జబ్బులూ ఒకేసారి వచ్చాయి. డిఫరెన్షియల్ లోపలి పళ్ల చక్రాల జత, అదే క్రౌన్ పినియన్ సెట్టుకు బేరం కూడా కుదిరాక, దోషం ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి డిఫరెన్షియల్‌కు వెళ్లే తిరిగే గొట్టం) క్రాస్‌లో, అంటే దాని కీలులో ఉండే ప్లస్ ఆకారపు ముక్కలో ఉందని తేలింది.

ముందు టక్ సంగతి. చదునైన చోట చక్రాలకు రాళ్లు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఉంచి బండి కిందికి దూరండి. జాకీని నమ్మి మాత్రం దూరకండి. షాఫ్ట్‌ను రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ క్రాస్‌నే చూడండి. ఒక పక్క యోక్ (క్రాస్‌ను పట్టుకునే కొమ్ముల ముక్క) కదిలాక రెండోది ఆలస్యంగా కదిలితే క్రాస్ అరిగినట్టే. నా బండిలో క్రాస్ కప్పుల చుట్టూ కుంకుమ చల్లినట్టు ఎర్రటి తుప్పు పొడి ఉండేది. కప్పు ఊడదీస్తే సూదుల్లాంటి రోలర్లు ఎండిపోయి రాలాయి. గ్రీజు అందక ఎన్నాళ్లయిందో! క్రాస్ బాగుండి, డిఫరెన్షియల్ హౌసింగ్ (పైపెట్టె) లోపలే టక్‌మంటే అప్పుడు పినియన్‌ను అనుమానించాలి. అక్కడ కూడా కొద్దిపాటి ఆట (వదులు) సహజమే.

క్రౌన్ పినియన్ పోతే వచ్చే చప్పుడు వేరు. గూమని ఈల వేస్తుంది, ఆక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఇంకోలా. హౌసింగ్ ఆయిల్ కొంచెం దించి వేళ్ల మధ్య రుద్దితే ఇనుప రవ్వలు తగులుతాయి. మలుపుల్లో మారే గరగర అయితే చక్రం బేరింగ్‌ది.

వణుకుకు, షాఫ్ట్‌ను మధ్యలో మోసే సెంటర్ బేరింగ్ రబ్బరు చూడండి. లోడుతో భాకరాపేట ఘాట్ ఎక్కేటప్పుడు నా బండి సీటు కిందంతా అదిరేది, కారణం ఆ రబ్బరు చిరగడమే. ఇంకొక్క మాట, షాఫ్ట్ విప్పే ముందు ప్రతి జాయింట్ దగ్గరా పెయింటుతో గీత పెట్టించండి. నాకు మొదటిసారి గీత పెట్టకుండా విప్పి తప్పు వరసలో బిగించారు. క్రాస్ కొత్తదే, వణుకు మాత్రం ముందుకన్నా ఎక్కువైంది. మళ్లీ విప్పించి సరిచేయించేదాకా రెండు రోజుల కిరాయి పోయింది.

ఇక కరెంటు. మీరు చెప్పిన లక్షణాలు ఆల్టర్నేటర్‌వి కావు, ఎర్త్‌వి, అంటే కరెంటు తిరిగి బ్యాటరీ మైనస్‌కు చేరే దారివి. వెనక లైటు ఎర్త్ తుప్పు పడితే ఇండికేటర్ కరెంటు పక్క బల్బు తీగ గుండా దారి వెతుక్కుంటుంది, అందుకే రెండూ కొట్టుకుంటాయి. ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఎర్త్ సరిగా లేకపోతే లైట్లు వేయగానే ముల్లు తప్పు చూపిస్తుంది. ఈమధ్య క్లచ్ పనికి గేర్‌బాక్స్ దించారా? నాకు అప్పుడే ఎర్త్ పట్టీ తిరిగి బిగించడం మరిచారు. సెల్ఫ్ కొడితే కరెంటు క్లచ్ కేబుల్ గుండా వెళ్లి, ముట్టుకుంటే కాలేంత వేడెక్కేది.

పరీక్ష సులువే. జంపర్ కేబుల్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, ఇంకో కొస ఇంజిన్ మీద పెయింటు లేని ఇనుముకు పెట్టి లైట్లు వేయండి. ముల్లు కదలకుంటే దొంగ దొరికినట్టే. మల్టీమీటర్ ఉంటే ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర కొలవండి. 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉంటే ఆల్టర్నేటర్ జోలికి పోనక్కర్లేదు. ఎర్త్ బోల్టులు విప్పి, ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించండి.

క్రాస్‌లో ఆట ఎంత కనిపించిందో, మీటర్‌లో ఎన్ని వోల్టులు వచ్చాయో ఇక్కడ రాయండి. డిఫరెన్షియల్ విప్పాలా వద్దా అన్నది అది చూసి చెప్తాను.